లంకెల ప్రయాణము: సెల్‌ఫోను నుండి కంప్యూటరునకు

“లంకె” యను మాట మన పల్లెలకు క్రొత్తది కాదు. గొలుసులో నొక కడియమును మరియొక కడియముతో కలిపి పట్టునది లంకె. పొలము దున్నునపుడో, పాతగోడ పడగొట్టునపుడో లంకెబిందెలు దొరకినవని చెప్పుకొను కథలను మా యాచారము చుట్టుపట్టుల విననివారు లేరు. ఒకదానితో నొకటి కట్టబడి యుండునట గనుక అవి లంకెబిందెలైనవి. ఇంటర్నెట్టులో నొక పుట నుండి మరియొక పుటకు పోవు త్రోవకు తెలుగు వికీపీడియావారు ఈ మాటనే స్వీకరించిరి. క్రొత్త వస్తువు కనబడగానే సంస్కృత నిఘంటువు తెరచి రెండు మూడు పదములను సమాసించుట మావంటి పండితులకు వాడుక. ఆ పని చేయక ఇంటనున్న మాటను వాడిన ఆ యువకులను నేను మెచ్చుకొనుచున్నాను.

ఫోనులో చదువుచుండగా దొరకిన లంకెను కంప్యూటరునకు చేర్చుటను గూర్చి నేడు ముచ్చటింపదలచితిని. ఇది యొక చరిత్ర ప్రసంగమునకు తగిన విషయమా యని శ్రోతలు సందేహింపవచ్చును. పదేండ్ల పిల్లవాడు కనురెప్ప పాటులో చేయు పని యిది. కాని ఆ చిన్న పనిలో ముప్పది సంవత్సరములకు మించిన చరిత్రయును, తెలుగువారికి మాత్రమే యెక్కువగా తగులు కొన్ని చిక్కులును ఇమిడియున్నవి. ఆ చిక్కుల వలన కొందరు చదువరులు తాము ఏండ్ల తరబడి కూర్చుకొన్న పుస్తకముల పట్టికలనే పోగొట్టుకొనిరి.

మొదట నొక భేదమును గుర్తుంచుకొనవలెను. లంకె పుస్తకము కాదు. పుస్తకమున్న చోటి విలాసము. కవరుపై వ్రాసిన విలాసము ఎంత చక్కగా నున్నను, ఆ యింటివారు ఊరు విడిచిపోయినచో జాబు తిరిగివచ్చును. మన పూర్వులు తాటాకులపై గ్రంథములను ఎత్తి వ్రాసికొన్నప్పుడు పుస్తకమునే తెచ్చుకొనుచుండిరి గాని విలాసమును గాదు. అందుచేత వారి చిక్కులు వేరు: ఆకు పురుగు తినుట, అక్షరము జారిపోవుట, ఒకే మాటతో మొదలగు రెండు పంక్తులలో నొకటి కన్ను దాటిపోవుట. ప్రతి చివర లేఖకుడు సంవత్సరమును, మాసమును, తిథిని, తన పేరును, ఎవరి కొరకు వ్రాసెనో వారి పేరును చేర్చెడివాడు. తాను చూచినది చూచినట్లే దించితిననియు, తప్పులున్నచో మన్నింపుడనియు వేడుకొనెడివాడు. 1820వ సంవత్సరమున కడప చేరిన బ్రౌను దొర ఒక్కొక్క గ్రంథమునకు పెక్కు ప్రతులను తెప్పించి, పండితులకు జీతములిచ్చి సరిపోల్పించినపుడు ఇట్టి చివరి పంక్తులు ప్రతి యొక్క వంశమును తెలుపు ఆనవాళ్లుగా నుండెను. ఈ చివరి పంక్తుల మాటను శ్రోతలు మరువరాదు. ముందు మరల దానితో పనిపడును.

ఇక లంకె పుట్టుక. ఒక పుస్తకము నుండి మరియొక పుస్తకమునకు తలపు పోయినంత వేగముగా చదువరి పోగలిగిన బాగుండునని 1945లో వానెవర్ బుష్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు ఒక వ్యాసమున ఊహించెను. 1965లో టెడ్ నెల్సన్ అను నాతడు అట్టి వ్రాతకు హైపర్‌టెక్స్ట్ అని పేరు పెట్టెను. 1989 మార్చిలో జెనీవా నగరము చెంతనున్న సెర్న్ పరిశోధనాలయమున టిమ్ బెర్నర్స్ లీ తన ప్రణాళికను పై యధికారులకు సమర్పించెను. 1991లో అది లోకమునకు తెరువబడెను. లంకెను ఎట్లు వ్రాయవలెనో తెలుపు నిబంధనలు 1994 డిసెంబరులో వెలువడినవి. మన కథకు ముఖ్యమైనది ఆ నిబంధనలలో నొకటి: విలాసములో రోమను అక్షరములు, అంకెలు, కొలదిపాటి గుర్తులు తప్ప మరేమియు నుండరాదు. మిగిలిన వానిని శాతపు గుర్తును ముందుంచుకొన్న సంకేతములుగా మార్చి వ్రాయవలెను.

తెలుగక్షరములకు కంప్యూటరులలో సర్వసమ్మతమైన సంఖ్యలు లేవా యందురేమో. 1991లో వెలువడిన యూనికోడు మొదటి కూర్పులోనే తెలుగునకు స్థానము లభించెను. ఆ సంఖ్యలను కంప్యూటరు గదులలో నింపు పద్ధతిని 1992 సెప్టెంబరులో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ అను ఇరువురు న్యూజెర్సీలోని యొక భోజనశాలలో కూర్చుండి, కంచము క్రింద పరచు కాగితముపై గీచిరట. మన యిండ్లలో నైనచో విస్తరాకుపై వ్రాసిరని చెప్పుకొందుము. ఆ పద్ధతినే నేడు లోకమంతయు వాడుచున్నది. దానిలో రోమను అక్షరమునకు ఒక గది చాలును. తెలుగక్షరమునకు మూడు గదులు కావలెను. ఒక్కొక్క గదిని శాతపు గుర్తుతో వ్రాసినపుడు మూడు గుర్తులగును. మూడు మూళ్లు తొమ్మిది.

ఇపుడు మా యూరి పేరునే లెక్కింతము. “యాచారం” అనునది పండితుని లెక్కకు మూడక్షరములు. కంప్యూటరు యకారమును, దీర్ఘమును, చకారమును, మరల దీర్ఘమును, రేఫను, సున్నను వేరువేరుగా నెంచి ఆరనును. లంకెలో అవి ఏబదినాలుగు గుర్తులగును. ఇంగ్లీషున ఎనిమిదక్షరములతో ముగియు ఊరు తెలుగున 54 గుర్తుల పొడవు సాగినది! సురవరం ప్రతాపరెడ్డిగారి “ఆంధ్రుల సాంఘిక చరిత్ర” యను పేరు లంకెలో చేరినచో, మాటల నడుమ గీతలతో కలిపి 173 గుర్తులు. ఒక ఎస్ఎంఎస్‌లో పట్టునవి 160. అనగా ఆ మహాగ్రంథపు పేరే ఒక జాబులో నిమడదు.

అందువలన జరుగునదేమనగా, ఫోనులో పుట పైభాగమున విలాసము చక్కని తెలుగులో కనబడును. దానిని కాపీ చేసి కంప్యూటరున దించగానే తెలుగు మాయమై శాతపు గుర్తులు చీమలబారు వలె నిలుచును. అది చెడిపోయినదని కొందరు భయపడుదురు. వైరసు సోకినదని తుడిచివేసినవారిని నేనెరుగుదును. నిజమునకు ఆ చీమలబారులో నొక్క అక్షరమైనను పోలేదు. బారు మధ్య తెగనిచో అది సరిగా గమ్యమును చేర్చును. తెగినచో, ఏ కొసన తెగినను వ్యర్థమే.

పాశ్చాత్యదేశములలో కంప్యూటరు ముందు వచ్చి ఫోను తరువాత వచ్చెను. వారు కంప్యూటరులో గుర్తుపెట్టుకొన్న లంకెలను ఫోనునకు తెచ్చుకొనిరి. మన పల్లెలలో త్రోవ తలక్రిందైనది. ఆండ్రాయిడు ఫోనులు 2012లో తెలుగును సరిగా చూపసాగినవి; అంతకుముందు చాల ఫోనులలో తెలుగు పుట తెరచిన ఖాళీ పెట్టెలే కనబడుచుండెను. 2016 సెప్టెంబరు తరువాత డేటా వెల పడిపోగా, కంప్యూటరును ముట్టని యిండ్లలోనికి ఫోను ద్వారా చదువు ప్రవేశించెను. యాచారము నాగార్జునసాగరు త్రోవలోని యూరు; వెనుకటి రోజులలో నొక పాత పుస్తకమును చూడవలెనన్న బస్సెక్కి హైదరాబాదు పోయి అఫ్జల్‌గంజిలోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయమున కూర్చుండవలసియుండెను. అది 1891లో ఆసఫియా పేర వెలసిన గ్రంథాలయము. నేడు ఆ పుస్తకము వేపచెట్టు క్రింద కూర్చున్నవాని అరచేతిలో తెరుచుకొనును. కాని వ్యాసము వ్రాయుటకు, అచ్చు తీయుటకు, పెద్ద పుటను నిదానముగా చదువుటకు నావంటి ముసలికన్నులకు కంప్యూటరే కావలెను. కావున దొరకుట ఫోనున, పనిచేయుట కంప్యూటరున. ఈ రెంటి నడుమ ఒక వంతెన అవసరమైనది.

ఆ వంతెనలు కాలక్రమమున పెక్కు మారినవి. మొదట లంకెను కాగితముపై వ్రాసికొని కంప్యూటరున మరల కొట్టుట. శాతపు గుర్తుల నెవడు వ్రాసికొనగలడు? తరువాత తనకు తానే ఈమెయిలు పంపుకొనుట. అది పాతదైనను నేటికిని మంచి పద్ధతియే. పంపిన తేది దానంతట అదే నమోదగును. తీగ తగిలించుట, బ్లూటూతు, ఇవి ఫోటోలకు పనికివచ్చినంతగా లంకెలకు పనికిరాలేదు. 2015 జనవరిలో వాట్సాపు కంప్యూటరు తెరపై కూడ కనబడసాగెను. తెరపై నొక నలుపు తెలుపుల చదరము చూపబడును. ఫోను దానిని చూడగానే రెండును కలియును. ఆ చదరపు క్యూఆర్ కోడు 1994లో జపానులోని డెన్సో వేవ్ వారు మోటారు భాగములను లెక్కించుటకు కనిపెట్టినది. మసాహిరో హారా దాని కర్త. నేడు మా యూరి చాయ కొట్టులో డబ్బు చెల్లించుటకును అదే! 2022 చివర వాట్సాపులో తనకు తానే సందేశము పంపుకొను వీలు కలిగినది. అంతకుముందు మా మిత్రులు కొందరు ఇరువురితో నొక గుంపు పెట్టి రెండవవానిని తొలగించి, ఒంటరిగా మిగిలిన ఆ గుంపులో లంకెలను దాచుకొనుచుండిరి. ఈ యుక్తిని ఎవరు ఎవరికి నేర్పిరో గాని ఊరూర వ్యాపించెను.

లంకెలను దాచిపెట్టుటకే పుట్టిన కొట్లును కొన్ని యుండెను. 2003లో డెలిషియస్ అనునది వచ్చి ఎంతో పేరు పొంది, చేతులు మారి మారి, 2017లో క్రొత్త లంకెలను పుచ్చుకొనుట మానెను. 2007లో మొదలై తరువాత పాకెట్ అని పేరు మార్చుకొన్న సేవ ఫోనులో చూచినదానిని కంప్యూటరున చదువుటకు మిక్కిలి అనుకూలముగా నుండెడిది. 2025 జూలై 8న అది మూతపడెను. నమ్మి దాచుకొన్న ధాన్యమునకు పాతర యజమాని ఊరు విడిచినచో రైతు గతియేమో, వీనియందు లంకెలు దాచినవారి గతియు నదియే. బ్రౌజరులు తమంతట తాము ఫోనునకును కంప్యూటరునకును గుర్తులను కలుపు పద్ధతి 2010 ప్రాంతమున స్థిరపడెను. అది సుఖమైనదే. కాని ఫోనులో తుడిచినది కంప్యూటరునను తుడుచుకొనిపోవును. ప్రతి యని దానిని నమ్మరాదు, అది నీడ.

వ్యాకరణము చెప్పినవాడను గనుక రెండు సూక్ష్మములను చెప్పక తీరదు. తెలుగున విభక్తి ప్రత్యయమును పదమునకు అంటించి వ్రాయుదుము. ఒకడు లంకెను వ్రాసి, చోటు విడువక, దాని చివరనే “లో చూడుము” అని అంటించినాడనుకొనుడు. కొన్ని ఫోనులు ఆ “లో”ను కూడ విలాసములో భాగముగా నెంచి మ్రింగును. లంకె నొక్కినవానికి పుట లేదను సమాధానము వచ్చును. మన భాషకు సంధి శోభయే గాని లంకె సంధిని సహింపదు. దానికి ముందును వెనుకను ఖాళీ విడువవలెను.

రెండవది మరింత విచిత్రము. “సాఫ్ట్‌వేర్” వంటి మాటలలో పొల్లు పొల్లుగా నిలుచుటకు, వేకారము క్రింద ఒత్తుగా దిగకుండుటకు, నడుమ నొక కనబడని గుర్తును చేర్చుదురు. అరసున్న కంటికి కనబడును, నేడు నోటికి పలుకదు. ఈ గుర్తు కంటికిని కనబడదు, నోటికిని పలుకదు. అయినను విలాసములో తన తొమ్మిది గుర్తుల చోటును తాను ఆక్రమించును. ఫోనులో చూచి కంప్యూటరున చేతితో కొట్టువానికి అది యున్నట్లే తెలియదు. అక్షరము అక్షరమును సరిచూచినను, రెండును ఒక్కటే యనిపించినను, పుట మాత్రము తెరువబడకపోవచ్చును. తెలుగు లంకెను చూచి వ్రాయరాదు, కాపీ చేయవలెనని నేను పట్టుబట్టుటకు కారణమిదియే.

ఇక అసలు కథకు వత్తును. నాటి చిత్తూరు జిల్లా కాటూరున 1937లో జన్మించి, 1994వ సంవత్సరపు ట్యూరింగు బహుమానమును పొందిన రాజ్ రెడ్డిగారు, పది లక్షల పుస్తకములను కంప్యూటరునకు ఎక్కింపవలెనను సంకల్పమునకు ముఖ్యకర్తలు. దాని భారతీయ శాఖ డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా. బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థయు, హైదరాబాదు ట్రిపుల్ ఐటీయు దానికై పాటుపడినవి. 2000 తరువాతి సంవత్సరములలో వేలకొలది తెలుగు పుస్తకములు అందు చేరెను. పుట పుటయు విడివిడి చిత్రము, తెరచుటకు కష్టము, పుస్తకముల పేర్లను తెలుగున గాక వింతవింత రోమను స్పెల్లింగులతో వ్రాసియుంచిరి. తెలుగున వెదకిన దొరకదు, ఇంగ్లీషున ఊహించిన దొరకదు. అందుచేత ఎవరైన నొక పుస్తకమును కనుగొన్నచో దాని లంకెను బంగారము వలె దాచుకొని మిత్రులకు పంచుచుండిరి. ఆ లంకెయే నిజమైన లంకెబిందె.

గోలకొండ కవుల సంచికను తలచుకొనుడు. తెలంగాణమున కవులు లేరన్న మాటకు సమాధానముగా సురవరమువారు 1934లో 354 మంది కవుల పద్యములను, వారి పేరును ఊరును తెలుపు వివరములతో సహా, ఒక్కచోట కూర్చి అచ్చువేసిరి. అదియు నొక విధముగా విలాసముల పట్టికయే. కవి యొక్క ఊరు తెలిసినందుననే నేటి పరిశోధకుడు ఆ యూరికి పోయి మనుమలను ముని మనుమలను అడుగగలుగుచున్నాడు. పద్యము మాత్రమే అచ్చువేసి ఊరిపేరు విడిచియున్నచో అందులో సగము మంది నేడు పేర్లుగా మాత్రమే మిగిలియుందురు.

2017లో ఆ డిజిటల్ లైబ్రరీ పాత ద్వారము మూతపడెను. ప్రచురణ హక్కుల అభ్యంతరములు కారణముగా చెప్పబడినవి. ఒక్క దినమున, తెలుగు వ్యాసముల అడుగునను, చదువరుల నోటు పుస్తకములలోను, ఫోనులలోను ఉన్న వేలకొలది లంకెలు పలుకుట మానినవి. పుస్తకములు మాత్రము పూర్తిగా పోలేదు. కార్ల్ మలమూద్ అను అమెరికా దేశస్థుని సంస్థ ఆ గ్రంథముల ప్రతులను, నాలుగు లక్షలకు పైబడిన వానిని, ఇంటర్నెట్ ఆర్కైవు నందు చేర్చెను. అచ్చట వాని క్రొత్త విలాసములు “ఇన్ డాట్ ఎర్నెట్ డాట్ డీఎల్ఐ డాట్ 2015” అని మొదలై యొక సంఖ్యతో ముగియును. తీరికగా చూచినవారికి అర్థమగును: అది పాత విలాసమైన “డీఎల్ఐ డాట్ ఎర్నెట్ డాట్ ఇన్” తలక్రిందులైనది. ఇల్లు మారినను ఇంటిపేరు మారలేదు, వెనుకనుండి ముందునకు చదువబడుచున్నది.

ఐనను పాత లంకె చేతనున్నవాడు క్రొత్త యింటిని కనుగొనుట ఎట్లు? ఇచ్చట చదువరులు మూడు తెగలైరి. పాత లంకెలు మిక్కిలి పొడుగైనవి. ప్రశ్న గుర్తు తరువాత పుస్తకపు పేరు, కర్త, చివర “బార్‌కోడు” అను పేర నొక దీర్ఘ సంఖ్య యుండెడివి. ఆ వికారమైన తోకను యథాతథముగా ఫోను నుండి కంప్యూటరునకు దించుకొన్నవారు అదృష్టవంతులు. ఆర్కైవువారి వివరములలో ఆ సంఖ్యను గూడ పొందుపరచియున్నారు. దానిని వెదకిన పుస్తకము దొరకును. లంకెతో పాటు పుస్తకపు పేరును, కర్తను, అచ్చయిన సంవత్సరమును తెలుగున వ్రాసికొన్న వారును కొంత శ్రమతో నిలదొక్కుకొనిరి. మూడవ తెగవారు చక్కదనమును కోరినవారు. పొడవైన లంకెను పొట్టిగా చేయు సేవలు 2002 నుండి యున్నవి. గూగులు వారిది 2009లో వచ్చెను. ఏడెనిమిది అక్షరములలో ఇమిడిన ఆ పొట్టి లంకెలో పేరును లేదు, సంఖ్యయు లేదు. అసలు విలాసము ఆ సేవవారి ఖాతాలో మాత్రమే యుండును. గూగులు వారు 2019లో క్రొత్త పొట్టి లంకెల నిచ్చుట ఆపిరి. ఎవరును నొక్కక పడియున్న పాతవానిని 2025 ఆగస్టులో నిలిపివేసిరి. ఆ మూడవ తెగవారి పట్టికలలో మిగిలినవి అర్థము లేని బీజాక్షరములు.

ఐతే ప్రతి తోకయు పూజనీయమని నా యభిప్రాయము కాదు. ఫేసుబుక్కు 2018 నుండి బయటి లంకెల చివర తగిలించు పొడుగాటి సంకేతమువంటివి చదువరి ఏ త్రోవన వచ్చెనో కనిపెట్టుటకే గాని పుస్తకమునకు సంబంధించినవి కావు. వానిని కోసివేసినను పుట తెరుచుకొనును. ఏది ధాతువు, ఏది ఆగమము అని తెలిసికొనుట వంటిదే యిది. కోసి, నొక్కి చూచి, తెరుచుకొన్న పిమ్మటనే పొట్టిదానిని దాచుకొనవలెను.

పదవీ విరమణము తరువాత నేను కంప్యూటరులో నొక పట్టికను వ్రాసికొనుచున్నాను. ఫోనున దొరకిన పుస్తకమును నాకు నేనే ఈమెయిలు పంపుకొందును. సాయంకాలము కూర్చుండి దానిని పట్టికకు ఎక్కింతును. మొదట పుస్తకపు పేరు, కర్త, అచ్చుకూటము, సంవత్సరము, పుటల సంఖ్య. తరువాత ఎచ్చట చూచితినో ఆ చోటు. ఆ పిమ్మట పూర్తి లంకె. చివర నేను చూచిన తేది. తాళపత్ర లేఖకుని చివరి పంక్తులే యివి. ముఖ్యమైన పుస్తకమైనచో, హక్కులు అనుమతించిన యెడల, లంకెతో తృప్తిపడక పుస్తకమునే దించి ఉంచుచున్నాను. నా పాత శిష్యులు కొందరు నన్ను చూచి నవ్వుదురు. ఒక్క వేలితో అగు పనికి ఇంత తంతెందుకు అని.

వారిలో నొకడు ఇబ్రహీంపట్నమున పరిశోధనకై పుస్తకములు వెదకుచున్నాడు. ఆ యూరి చెరువు పేరు ఇబ్రహీం కుతుబ్ షాతో ముడిపడియున్నది. మన కవులకు మల్కిభరామునిగా పరిచితుడైన ఆ ప్రభువునకు అద్దంకి గంగాధరుడు తపతీ సంవరణోపాఖ్యానమును అంకితమిచ్చెను. ఆ కావ్యమును గూర్చి వ్రాయుటకు అతడు తన మిత్రుని నడిగి యిరువది మూడు లంకెలను ఫోనులోనికి తెప్పించుకొనెను. కంప్యూటరున తెరచి చూడగా పదునాలుగు పలుకలేదు. ఆ పదునాలుగింటిలో తొమ్మిదింటికి బార్‌కోడు సంఖ్య మిగిలియుండెను. రెండు దినములలో వానిని పట్టుకొంటిమి. మిగిలిన అయిదును పొట్టి లంకెలు. వాని వెనుక నున్నవి ఏ పుస్తకములో పంపిన మిత్రునకును జ్ఞాపకము లేదు. ఆ వారమే మా పిల్లవాడు తన పట్టికలో పుస్తకపు పేరునకు, సంవత్సరమునకు, తేదికి మూడు గడులను క్రొత్తగా గీచుకొనెను.